పిండి రుబ్బిన లైను

వెనక షెడ్డులో పాత కరెంటు బోర్డు మూత విప్పగానే వచ్చిన దుమ్ము వాసన, దాని వెంటే పాత రబ్బరు వాసన నన్ను గడప మీదే కూర్చోబెట్టాయి. పొద్దుటి నుంచీ బడిలో నిలబడి పాఠాలు చెప్పి వచ్చిన కాళ్లకు లేచి టీ పెట్టే ఓపిక కూడా లేదు. మా ఆయన కొన్న కరెంటు ఆటోకు షెడ్డులో చార్జింగు కావాలి. కొత్త లైను లాగాలంటే ఇంటి గోడలన్నీ పగలగొట్టాలి. కరెంటు పని చేసే రఫీ అన్న బోర్డులోని లావుపాటి తీగను చూపించినాడు.

"ఇది దేనికక్కా? మీటరు నుంచి నేరుగా వచ్చి ఇక్కడ ఊరికే ఆగిపోయుండాదే."

"మా అమ్మ గ్రైండరుది అన్నా."

ఇప్పుడు షెడ్డున్న చోట అప్పుడు తాటాకుల వసారా ఉండేది. కోట ఊళ్లో మా వీధికంతటికీ గ్రైండరు అదొక్కటే. నానిన మినపప్పు వాసన, తడి గోనెపట్టాల వాసన, బురద కాళ్లతో వచ్చి గిన్నెలు వరసగా పెట్టి కూర్చున్న ఆడవాళ్ల మాటలు, రాయి తిరిగే గరగర, వీటి మధ్యనే నేను ఎక్కాలు నేర్చుకున్నాను. క్రిస్మస్ దగ్గరపడితే గారెల పిండికి వచ్చేవాళ్లతో వసారాలో కాలు పెట్టే సందుండేది కాదు.

ఒక ఏడు ముసురు పట్టి గోడలన్నీ చెమ్మగిల్లాయి. పక్కింటి మరియమ్మత్త పిండి తీయడానికి గ్రైండరులో చెయ్యి పెట్టి, షాకు కొట్టి అట్లాగే అతుక్కుపోయింది. కళ్లు మాత్రం తెరుచుకునే ఉన్నాయి. అమ్మ మూలనున్న రోకలి అందుకుని ఆ చేతి మీద ఒక్క దెబ్బ వేసింది. అత్త అవతలికి పడింది. ప్రాణం దక్కింది కానీ మణికట్టు విరిగింది.

ఆ తర్వాత మా వసారాకు ఎవరూ రాలేదు. నాన్న పాత తీగంతా పీకేసి, పైపులో కొత్త తీగ లాగించాడు. మళ్లీ షాకు కొట్టకుండా అమ్మే గునపం పట్టి పెరట్లో ఎర్తు గుంట తవ్వింది, పొయ్యిలోని బొగ్గులు, ఉప్పు మోసుకెళ్లి అందులో పోసింది. అయినా ఎవరూ రాలేదు. అమ్మ రోజూ గ్రైండరు కడిగి, తుడిచి, దాని పక్కన పీట మీద ఊరికే కూర్చునేది.

క్రిస్మస్ ముందు ఒక సాయంత్రం, చేతికి కట్టుతోనే మరియమ్మత్త గిన్నె నడుముకు ఆనించుకుని వచ్చింది.

"రుబ్బు మే."

అమ్మ లేవలేదు. "నా చేతుల్తో నేనే నీ చెయ్యి ఇరగ్గొట్టినా వదినా."

"కొట్టకపోతే ఈపాటికి సమాధుల తోటలో ఉందును. లెయ్."

అమ్మ స్విచ్చు వేసింది. తిరుగుతున్న గ్రైండరు మీద అత్త తన బాగున్న చెయ్యి పెట్టి, వీధి వైపు తిరిగి, తలుపుల చాటు నుంచి చూస్తున్న వాళ్లందరికీ వినబడేట్టు నవ్వింది. మర్నాటికి వసారా నిండిపోయింది. ఆ పండక్కి మేము గారెలు వేసుకోవడానికి అమ్మకు తీరికే చిక్కలేదు. వీధిలో వాళ్లే తలా కాసిని తెచ్చి ఇచ్చినారు.

రఫీ అన్న మీటరు పెట్టి పరీక్షించి తలూపాడు. "తీగ బాగుండాది. ఎర్తు కొత్తది వేస్తా, ఫ్యూజు తీసేసి, లోడెక్కువైతే దానికదే ఆగిపోయే ఎమ్‌సీబీ పెడతా. లైటు, చార్జింగు తప్ప దీనికి ఇంకేమీ తగిలించబాకండి."

చీకటి పడేలోపు పని అయిపోయింది. ఆటోకు తీగ తగిలించి మా ఆయన స్నానానికి వెళ్లాడు. అమ్మ లేదు, మరియమ్మత్త మొన్నటి ఎండాకాలంలో పోయింది, గ్రైండరు ఎప్పుడో పాత ఇనుము కింద వెళ్లిపోయింది. మా ఇంటికీ ఇప్పుడు పిండి అంగట్లోంచి ప్యాకెట్లలోనే వస్తుంది. అత్త ఉన్న ఇంట్లో ఇప్పుడు బాడుగకు ఎవరున్నారో, వాళ్ల పేరేమిటో నాకు తెలియదు. ఆటోకు చార్జింగు ఎక్కడానికి తెల్లారేదాకా పడుతుందట. అంతసేపూ అక్కడ ఎవరూ కూర్చోనక్కరలేదు.