కనపడనివాళ్ల వాటా

మా నాన్న ఢిల్లీ కంటోన్మెంట్‌లో ఒక ఆఫీసర్ల మెస్సులో ముప్ఫై ఎనిమిదేళ్లు పనిచేశాడు. సైనికుడు కాదు, సివిలియన్ ఉద్యోగి. ఇరవై రెండేళ్లప్పుడు శ్రీకాకుళం దగ్గర నుంచి వచ్చి ఇక్కడే రిటైరయ్యాడు. తెల్ల చొక్కా, నల్ల ప్యాంటు, అరచేతి మీద ట్రే. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ నాన్నంటే అదే. ఇప్పుడు ఢిల్లీలోనే, ద్వారకలో మాతోనే ఉంటున్నాడు. ఇంటికి ఎవరొచ్చినా నీళ్లగ్లాసు వాళ్ల కుడివైపు నుంచే పెడతాడు.

ఆమధ్య మా అపార్టుమెంటు సొసైటీలో నాలుగు తెలుగు కుటుంబాలు కలిసి ముంబై నుంచి లక్షద్వీప్ దాకా వెళ్లొచ్చే ఓడ ప్రయాణం పెట్టుకున్నాయి. మా అమ్మాయికి పదో తరగతి పరీక్షలు దగ్గరపడటంతో దానికి తోడుగా మా ఆయన ఉండిపోయాడు. నేను అమ్మానాన్నల్ని తీసుకుని బయల్దేరాను. సముద్రం మీద నాలుగు రోజులు.

మొదటిరోజు భోజనాల హాల్లో నాన్న కుదురుగా కూర్చోలేకపోయాడు. వెయిటర్ సూపు తెస్తుంటే కుర్చీలోంచి సగం లేచాడు. అమ్మ ఆయన చొక్కా పట్టుకుని కిందికి లాగింది. ఆ వెయిటర్‌కి నలభై అయిదేళ్లుంటాయి. ఉత్తరాఖండ్‌లోని గఢ్వాల్ మనిషి.

"కూర్చోండి సాబ్, నేను వడ్డిస్తాను" అన్నాడు హిందీలో.

"సాబ్ అనకు భయ్యా. నేనూ జీవితమంతా ఈ పనే చేశాను" అన్నాడు నాన్న.

అతను ఒక్క క్షణం ఆగి నాన్నవైపు చూశాడు. ఆ తర్వాత నాలుగు రోజులూ సాబ్ మానేసి, ఇంట్లో పెద్దాయన్ని పిలిచినట్టు బావూజీ అనే పిలిచాడు. కూరలు వడ్డిస్తూనే ఇద్దరూ చిన్నగా మాట్లాడుకునేవాళ్లు. ఎలాంటి బూట్లు వేసుకుంటే కాళ్లు వాయవు, ఓడ ఊగినప్పుడు ట్రే ఏ చేతికి మార్చాలి, ఇలాంటివి. నాన్న అంతలా మాట్లాడటం నేను చాలా ఏళ్ల తర్వాత చూశాను. మంచినీళ్లు తాగేముందు గ్లాసు ఎత్తి దీపానికి పట్టి చూసేవాడు. పాత అలవాటు.

ఒకరోజు తినడం అయ్యాక అమ్మ సాయం చేద్దామని ఖాళీ ప్లేట్లు ఒకదానిమీద ఒకటి పెట్టింది. నాన్న మళ్లీ వాటిని విడదీసి పక్కపక్కన పెట్టాడు.

"అలా పేరిస్తే అడుగు కూడా జిడ్డవుతాది. కడిగేవోడికి రెండింతల పని" అన్నాడు.

ఆ మాట నేను అప్పుడు పట్టించుకోలేదు.

ఆఖరి రోజు మధ్యాహ్నం మా పై అంతస్తు ఆంటీ నన్ను డెక్కు మీద పట్టుకుంది. వాళ్లది హైదరాబాదు, అంకుల్ ఏదో మంత్రిత్వశాఖలో పనిచేస్తాడు. ఆంటీ ఏ ఊరు వెళ్లినా ముందే అన్నీ చదివి తెలుసుకునే మనిషి.

"గది బిల్లు చూసినవా? మనిషికి రోజుకింత అని సర్వీస్ ఛార్జీ ఏసిన్రు. కౌంటర్ల చెప్తే తీసేస్తరట. ఆ పైసలేవో మన వెయిటర్ చేతిలనే పెడ్దాం. కంపెనీకి ఎందుకు?" అంది.

నాకు న్యాయంగానే తోచింది. ముగ్గురికి నాలుగు రోజులకి లెక్కేస్తే మా అమ్మాయి ట్యూషన్ ఫీజు ఒక నెలది అయింది. అందులో సగం వెయిటర్‌కి ఇచ్చినా అతను సంతోషిస్తాడు, మనకీ మిగులుతుంది అనుకున్నాను. ఆంటీ మొత్తం ఇవ్వాలనే అంది. సగం అన్న ఆలోచన నాదే.

కౌంటర్ దగ్గర పది మందికి పైగా ఉన్నారు. అందరూ ఆ పని మీదే వచ్చారు. ఆంటీ నా ముందు నిలబడింది. వరస సగం జరిగేసరికి నాన్న టీ తాగుదాం రమ్మని నన్ను వెతుక్కుంటూ వచ్చాడు.

"ఏటమ్మా, ఇక్కడ నిలబడ్డావు?"

చెప్పాను. నాన్న బిల్లు కాగితం తీసుకుని దూరంగా పట్టుకుని చదివాడు.

"ఈ డబ్బు ఎవరెవరికెళ్తాదో అడిగావా?"

"వెయిటర్లకేగా నాన్నా. మన అతనికి మనం చేతికే ఇచ్చేద్దాం."

"అతనికిస్తావు. రోజూ చూశావు గనక ఇస్తావు. కింద గిన్నెలు తోమేవోడికి ఎవరిస్తారు?"

"వాళ్లకి జీతాలుంటాయి కదా."

నాన్న కాగితం మడతపెట్టి నా చేతిలో పెట్టాడు. వరస ఇంకో అడుగు జరిగింది. నాతోపాటు తనూ జరిగాడు.

"నాను ఆరేళ్లు మసాల్చీగా చేశానమ్మా" అన్నాడు.

మెస్సులో ఎంగిలి గిన్నెలు తోమేవాణ్ణి మసాల్చీ అంటారు. ఆ మాట నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. కంటోన్మెంట్‌లో మేముండే క్వార్టర్స్ బడిలో మసాల్చీల పిల్లలు ఇద్దరు నాతో చదివారు. వెయిటర్ల పిల్లలం మేము వాళ్ల పక్కన కూర్చునేవాళ్లమే కానీ వాళ్ల టిఫిన్ డబ్బాలో చెయ్యి పెట్టేవాళ్లం కాదు. ఎవరూ చెప్పలేదు, మాకు మేమే అలా అనుకున్నాం. నాన్న ఆ మాట అనగానే నాకు ఆ డబ్బాలు గుర్తొచ్చి ముఖం ఎటు తిప్పుకోవాలో తెలియలేదు.

"మరి ఎప్పుడూ చెప్పలేదేం?"

"సందర్భం రాలేదు" అన్నాడు. మళ్లీ తనే అందుకున్నాడు. "పార్టీలయినప్పుడు అతిథులు వెయిటర్ జేబులో నోటు పెట్టి ఎల్లిపోయేవోరు. వంటగది ఎనకాలకి ఎవరొస్తారు? మా హెడ్ వెయిటర్ ఒక పెద్దాయన ఉండేవోడు. డాల్డా డబ్బా ఒకటి పెట్టి అందరి జేబులూ అందులో ఖాళీ చేయించేవోడు. మర్నాడు అందరికీ సమానంగా పంచేవోడు. మొదటిసారి నా వాటా ఇస్తే, నాకెందుకు, నన్నెవరూ చూడనే లేదు కదా అన్నాను. నువ్వు గ్లాసు మెరిపించకపోతే నా ట్రే మీద చెయ్యి ఎవడేస్తాడురా అన్నాడు."

నేను వరసలోంచి పక్కకి రాబోయాను. నాన్న నా మోచెయ్యి పట్టుకుని ఆపాడు.

"ఇంతసేపు నిలబడ్డావు కదా. తియ్యమనకు. ఎవరికెళ్తాదో అడుగు."

ఆంటీ తన వంతు రాగానే ఛార్జీ తీయించేసుకుంది. ఆవిణ్ణి తప్పు పట్టను. ఆ సాయంత్రం నిజంగానే ఆ మొత్తానికి ఇంకొంచెం కలిపి వాళ్ల వెయిటర్ చేతిలో పెట్టింది. తర్వాత నా వంతు వచ్చింది. ఈ డబ్బు గిన్నెలు కడిగేవాళ్లకి కూడా వెళ్తుందా అని అడిగాను. కౌంటర్‌లో అమ్మాయి తడబడి, లోపలికెళ్లి ఎవరినో అడిగొచ్చింది. వంటగది వాళ్లకీ, బట్టలుతికే వాళ్లకీ కూడా వాటా ఉంటుందని చెప్పింది. "ఇంత వివరం ఎవరూ అడగరు మేడమ్" అంది. నాన్న తలూపి, టీ చల్లారిపోయి ఉంటుందన్నాడు.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర వెయిటర్ మా ముందు ఒక కార్డు పెట్టాడు. సేవలు ఎలా ఉన్నాయో రాయాలి.

"వీలైతే నా పేరు రాయండి బావూజీ. మళ్లీ కాంట్రాక్టు ఇచ్చేటప్పుడు అవి చూస్తారు" అన్నాడు, అడగడం ఇష్టంలేని గొంతుతో.

అప్పటిదాకా ఆ కార్డులు నామమాత్రానికే అనుకున్నాను. నాన్న చెబుతుంటే నేను ఇంగ్లీషులో రాశాను. వేడివి వేడిగా, చల్లవి చల్లగా తెచ్చాడని, మా అమ్మకి వెల్లుల్లి పడదని మొదటిరోజే గుర్తుపెట్టుకున్నాడని, ఓడ ఊగినా ఒక్క చుక్క ఒలకలేదని. తర్వాత నాన్న ఇంకో కార్డు అడిగాడు. అది తనే హిందీలో, పెద్ద పెద్ద అక్షరాలతో రాశాడు. "గిన్నెలు కడిగే భాయీలకి. నాలుగు రోజుల్లో ప్రతి గ్లాసూ వెలుతురుకి పట్టి చూశాను. ఒక్కదాని మీదా మరక లేదు. ఇంత మందికి ఇలా కడగడం ఎంత కష్టమో నాకు తెలుసు."

రెండు కార్డులూ వెయిటర్‌కి ఇచ్చాడు. అతన్ని అవతలికి పిలిచి, చేతులు కలుపుతూ, ఎవరికీ కనపడకుండా ఒక నోటు అతని అరచేతిలో ఉంచాడు. ఎంతో నాకు తెలియదు. నేనిచ్చింది కాదు, తన పెన్షన్‌లోది.

మర్నాడు పొద్దున ఓడ ముంబై చేరుతుండగా చివరిసారి టిఫిన్‌కి వెళ్లాం. వెయిటర్ కాఫీ పోస్తూ, ఆ కార్డు కింద గిన్నెల గదిలో గోడకి అంటించారని చెప్పాడు. రాసింది ఏ టేబుల్ వాళ్లో అని అక్కడివాళ్లు అడిగారట. కాసేపటికి వంటగది తలుపు కొంచెం తెరుచుకుంది. తడిసిన రబ్బరు ఏప్రన్లతో ఇద్దరు మగవాళ్లు తొంగిచూశారు. వెయిటర్ గడ్డంతో మావైపు చూపించాడు. నాన్న లేచి నిలబడ్డాడు. ఈసారి అమ్మ ఆయన చొక్కా లాగలేదు. నాన్న చేతులు జోడించాడు. వాళ్లలో పెద్దవాడు తడి చెయ్యి ఏప్రన్‌కి తుడుచుకుని గుండె మీద పెట్టుకున్నాడు. తలుపు మూసుకుంది. నాన్న కూర్చుని చాలాసేపు ఇడ్లీ ముట్టలేదు.

ఇంటికొచ్చాక నేను అమ్మని వంటింట్లో ఒంటరిగా ఉన్నప్పుడు అడిగాను.

"నాన్న సందర్భం రాలేదన్నాడు. నిజమేనా?"

అమ్మ పప్పు కడుగుతూ తలెత్తలేదు. "మీ నాన్న చెబుతానన్నాడు. నానే వద్దన్నాను. క్వార్టర్స్‌లో పిల్లలు ఎలా మాట్లాడుకునేవోరో నీకు తెలీదా?"

తెలుసు. నేను కూడా ఆ పిల్లల్లో ఒకదాన్నే. ఆ మాట అమ్మతో అన్నాను, డబ్బాల సంగతి కూడా చెప్పాను. అమ్మ చెయ్యి తుడుచుకుని నా చెంప ఒకసారి తట్టి మళ్లీ పనిలో పడింది.

ఆ ఆదివారం అందరం కలిసి భోంచేస్తుంటే మా అమ్మాయి ఓడ కబుర్లు అడిగింది. దానికి తెలుగు అర్థమవుతుంది కానీ జవాబు హిందీలోనే చెబుతుంది. నాన్న ఓడతో మొదలుపెట్టి, ఎప్పుడు మళ్లాడో తెలియకుండా మెస్సులోకి వచ్చేశాడు. మసాల్చీ అంటే ఏమిటో దానికి చెప్పాడు. నేను అమ్మవైపు చూశాను. అమ్మ కళ్లు పళ్లెంలోనే ఉన్నాయి.

మా అమ్మాయి ఏ మాత్రం తడుముకోకుండా ప్రశ్నలేసింది. రోజుకి ఎన్ని ప్లేట్లు? సబ్బు ఉండేదా? చలికాలంలో వేడినీళ్లు ఇచ్చేవాళ్లా?

"పెద్ద పార్టీ అయితే మూడొందల మంది. సబ్బు లేదు, బూడిద. వేడినీళ్లు వంటకే చాలేవి కావు" అన్నాడు నాన్న.

"డిసెంబర్ మే భీ?" అంది అది, డిసెంబర్ చలిలో కూడానా అని.

"చేతులు పగిలి నెత్తురొచ్చేది" అంది అమ్మ. మేమంతా ఆమెవైపు తిరిగాం. "కొబ్బరినూనె రాసి, పాత చొక్కా గుడ్డలు చుట్టి పడుకోబెట్టేదాన్ని. పెళ్లయ్యాక నాలుగేళ్ల మూడు నెలలు అలాగే చేశాను. మీ అమ్మకి నడక వచ్చిన నెలలో ఈయన్ని వెయిటర్ చేశారు."

నాన్న అన్నం కలపడం ఆపి అమ్మవంక చూశాడు. మా అమ్మాయి కుర్చీ ఇంకొంచెం దగ్గరికి లాక్కుని, అమ్మమ్మని ఇంకా చెప్పమంది.