సీడీలో మూడో పాట

నాకిష్టమైన జపాన్ అమ్మాయిల పాటల గ్రూపు కొత్త సింగిల్ విడుదలైనప్పుడు నేను ఆఫీసు మీటింగులో ఉన్నాను. టోక్యోలో అర్ధరాత్రి అయితే అమెరికాలో మా బెంటన్‌విల్‌లో పొద్దున పది. నిన్న ఏం చేశామో, ఇవాళ ఏం చేయబోతున్నామో అందరూ వరసగా చెప్పుకునే వేళ. నా వంతు వచ్చేసరికి ఒక చెవిలో పాట మొదలైంది. "అంతా బాగానే ఉంది" అని ముగించేశాను. ఉద్యోగంలో చేరాక నేను అంత ఉత్సాహంగా మాట్లాడటం అదే మొదటిసారని మేనేజరు తర్వాత మెచ్చుకున్నాడు.

వాళ్ళు ఐదుగురు. గొంతుల్ని యంత్రంలో పోసి, మనిషి వాసన చాలావరకు వడకట్టి, మిగిలినదానికి తళుకులు అద్ది ఇస్తారు. వెండిరంగు గౌన్లు. ఐదు చేతులూ ఒకేసారి లేస్తాయి, ఒకేసారి దిగుతాయి. ఈసారి పాట వాషింగ్ మెషీన్‌ని ప్రేమించిన అమ్మాయి గురించట. అభిమానులు చేసిన అనువాదం చదివాకే ఆ సంగతి తెలిసింది. తెలిశాక కూడా ఆ వారమంతా అదే విన్నాను కాబట్టి వెక్కిరించే హక్కు నాకు లేదు.

అసలు సంగతి సీడీలో ఉంది. ఆన్‌లైన్‌లో పెట్టినవి రెండు పాటలే. మూడోది సీడీ కొన్నవాళ్ళకు మాత్రమే. దాన్ని ఎప్పుడూ వెనక వరసలో ఎడమ చివర నిలబడే అమ్మాయి ఒక్కతే పాడింది. ఈ సింగిల్‌తో ఆమె గ్రూపు వదిలి వెళ్ళిపోతోంది. ఇన్నేళ్ళకు ఆమెకు దక్కిన మొదటి సొంత పాట, ఆఖరిది కూడా. వెనక వరసవాళ్ళంటే నాకు మొదటినుంచీ అభిమానం. ఆ పాట వినకుండా ఉండిపోతే ఆమెను పలకరించకుండా పంపేసినట్టు అనిపించింది.

సీడీ జపాన్ నుంచి బుద్ధిగా వచ్చింది. దాన్ని పాడించే సాధనమే ఇక్కడ లేదు. మా అపార్ట్‌మెంటులో ముగ్గురు అమ్మాయిలం, ఐదు లాప్‌టాప్‌లు. ఒక్కదానికీ సీడీ పెట్టే సందు లేదు. ఆన్‌లైన్‌లో ప్లేయరు తెప్పిస్తే అది చచ్చి వచ్చింది, తిప్పి పంపేశాను. ఊరు మొత్తం మీద నాకు తెలిసిన పనిచేసే సీడీ ప్లేయరు ఆంటీ వ్యానులో ఉంది.

ఆంటీ అంటే మా తెలుగు చర్చిలో కీర్తనలు పాడే క్వయర్‌ని నడిపే ఆవిడ. డ్రైవింగ్ టెస్టు రెండుసార్లు తప్పిన నన్ను ఆదివారాలు చర్చికి తీసుకెళ్ళేది ఆవిడే. ఆ వ్యానులో ఎప్పుడూ ఒకటే కీర్తనల సీడీ తిరుగుతుండేది. ఎప్పుడు పెట్టారో ఎవరికీ తెలియదు, తీయగా ఎవరూ చూడలేదు. అడగడానికి నాకు రెండు ఆదివారాలు పట్టింది. అడగాల్సిన వాక్యాన్ని డైరీలో రాసి, కొట్టేసి, మళ్ళీ రాసుకుని, బట్టీపట్టి వెళ్ళాను.

"ఆంటీ, మీ ప్లేయర్లో నా సీడీ ఒకటి వేసుకోవచ్చా?"

"ఏం సీడీ తల్లీ?"

"జపనీస్..."

సిగ్నల్ దగ్గర వ్యాను ఆపి ఆవిడ పూర్తిగా నా వైపు తిరిగింది. "జపనీస్ నేర్చుకుంటున్నావా!"

"ఊఁ" అన్నాను.

కాదని చెప్పాలంటే కనీసం మూడు వాక్యాలు కావాలి. నేను ఒక్కటే బట్టీపట్టి వచ్చాను.

ఆ ఏడాది వీసా లాటరీలో నా పేరు రెండోసారి కూడా రాలేదని చర్చిలో అందరికీ తెలుసు. అలాంటి పిల్ల జపనీస్ నేర్చుకుంటోందంటే దానికి ఒకటే అర్థం. మావాళ్ళెవరూ ఏదీ ఊరికే నేర్చుకోరు. ఫ్రెంచ్ అయితే కెనడా కోసం. జర్మన్ అయితే జర్మనీ కోసం. ఎవరైనా ఈత నేర్చుకుంటున్నారంటే డాక్టరు గట్టిగా చెప్పాడన్నమాట.

ఆరాధన ముగిసి భోజనాలకు వరస కట్టేసరికి కబురు నాకంటే ముందే బిర్యానీ దాకా చేరింది.

"జపాన్ల పర్మనెంట్ రెసిడెన్సీ జల్ది ఇస్తరంట గదా" అన్నాడు వరసలో నా ముందున్న తెలంగాణ అంకుల్. "మంచి ప్లాన్ బి పెట్టుకున్నవ్ బిడ్డా."

"అక్కడ భూకంపాలు కదండీ" అంది ఆయన భార్య.

"ఇక్కడ టోర్నడోలు లేవా? మనిషికి వీసా స్టేటస్ ముఖ్యమా, భూకంపం ముఖ్యమా?"

ఆవిడ కాసేపు నిజంగానే ఆలోచించి, స్టేటసే అని ఒప్పుకుంది. నేను రైతా వేసుకున్నాను.

ఇళ్ళకు బయల్దేరే ముందు పాస్టరుగారు నన్ను పిలిచి తల మీద చెయ్యి వేశారు. "ప్రభువా, జపాను దేశములో నీ కుమార్తెకు ద్వారములు తెరువుము. ఆ భాషను ఆమె నాలుకపై ఉంచుము." అందరూ ఆమేన్ అన్నారు. నేనూ అన్నాను. నా అబద్ధాన్ని ఇంతమంది కలిసి దేవుడికి అప్పజెప్పాక, అది అబద్ధమని ఎవరికి చెప్పుకోవాలో తెలియలేదు.

మరుసటి ఆదివారం ఆంటీ నా పాఠం కోసమని అరగంట ముందే వచ్చింది. చర్చి పార్కింగులో వ్యాను ఆపి, ప్లేయరు బటన్ నొక్కింది. మూడోసారి నొక్కాక కీర్తనల సీడీ మూలుగుతూ బయటికి వచ్చింది. దాన్ని కొంగుతో తుడిచి ఒళ్ళో పెట్టుకుంది.

"మా క్వయర్‌దే. పెళ్ళికి ముందు గుంటూర్లో రికార్డు చేశాం. తీస్తే మళ్ళీ ఎక్కుద్దో లేదోనని ఇన్నాళ్ళూ ముట్టుకోలేదు. నీ భవిష్యత్తు కదా, పర్లేదు, ఇటివ్వు."

చాచిన ఆవిడ చేతిలో సీడీ పెట్టలేకపోయాను. ఇప్పుడు నిజం చెబితే పాట దక్కదు. చెప్పకపోతే ఆవిడ పక్కన కూర్చుని వినలేను.

"ఆంటీ, ఇది పాఠాల సీడీ కాదు. పాటలు. నేను జపనీస్ నేర్చుకోవట్లేదు. ఎక్కడికీ వెళ్ళట్లేదు."

"మరెందుకిది?"

"ఊరికే. నాకిష్టం."

"ఊరికేనా? పాస్టరుగారి చేత ప్రార్థన చేయించుకున్నావు గదే!"

"నేను చేయించుకోలేదాంటీ. వాళ్ళే చేశారు."

ఆవిడ తన సీడీని చేతిలోకి తీసుకుంది. ఇక అయిపోయింది అనుకున్నాను. కానీ దాన్ని జాగ్రత్తగా డాష్‌బోర్డు మీద పెట్టి, నా చేతిలోని సీడీని తీసుకుని, అట్ట మీది బొమ్మను కళ్ళజోడు సర్దుకుని చూసింది.

"మధ్యలో ఈ పిల్లని ఎవరు పెట్టారు?"

"కంపెనీవాళ్ళు. ఒక్కోసారి అభిమానులు ఓట్లేస్తారు."

"నయం. మాకెప్పుడూ పాస్టరమ్మగారి చెల్లెలే మధ్యలో. గొంతు లేదు, పట్టుచీరలున్నాయి." బొమ్మ మీద ఆవిడ వేలు ఎడమ చివరికి జరిగింది. "ఈ అమ్మాయికి మొహంలో కళ ఉంది. వెనక్కి తోశారేం?"

"తెలీదు. ఇప్పుడు మానేస్తోంది. మూడో పాట ఆమెదే."

"పెళ్ళా?"

"చెప్పలేదు."

"పెళ్ళే అయ్యుంటది. నాదీ అట్టాగే అయింది" అని సీడీని లోపలికి తోసింది.

నేరుగా మూడో పాట పెట్టాం. గొంతు గొప్పగా ఏమీ లేదు. పైకి వెళ్ళిన చోట వణికింది. మిగతా పాటల్లో అయితే ఆ వణుకును యంత్రం నున్నగా చేసేసేది. ఇక్కడ ఎవరూ ముట్టుకోలేదు.

"శ్రుతి జారింది" అంది ఆంటీ వెంటనే. కాసేపాగి, "పోనీలే, పాడనీ" అంది.

అప్పుడే ఎవరో నా వైపు అద్దం మీద తట్టారు. తెలంగాణ అంకుల్. అద్దం దించాను.

"లెసన్ ఎంతవరకొచ్చింది బిడ్డా?"

"లెసన్ కాదంకుల్. పాట."

"ఓ, పాటలతోని నేర్పుతరా?"

"నేర్పరు. వినడానికే తెప్పించుకున్నా. నేను జపాన్ వెళ్ళట్లేదంకుల్."

ఆయన నన్ను వదిలేసి, పెద్దవాళ్ళకు ఫిర్యాదు చేస్తున్నట్టు ఆంటీ వైపు వంగాడు. "మరి పోయిన వారం అందరం ప్రేయర్ చేసినం గదక్కా?"

"ఎవరో ఒకరికి పనికొస్తదిలే తమ్ముడూ" అంది ఆంటీ. "ఆ అద్దం ఎక్కించు తల్లీ, పాట ఇంకా అవ్వలా."