రాళ్ళ గదిలో పెద్దాయన

దయ్యాలను నమ్మే ఇంట్లో నేను పుట్టలేదు. మా కోలారు బంగారు గనుల్లో అలాంటి కథలకు కొదవ లేదు. లోపల పోయినవాళ్ళు ఇంకా సుత్తి కొడుతున్నారని, మూసేసిన గని బావి, షాఫ్టు దగ్గర ఎవరో దగ్గుతారని చెప్పేవాళ్ళు వీధికి ఇద్దరుండేవారు. ముప్పై ఏళ్ళు భూమి కింద పనిచేసిన మా నాన్న అవి విని నవ్వేవారు. నేను నవ్వేవాణ్ణి కూడా కాదు, లేచి వెళ్ళిపోయేవాణ్ణి. హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైనవాణ్ణి. కాబట్టి ఇది చదివేవారు నన్ను భయస్తుడి కింద జమకట్టకూడదని ముందే మనవి.

మా ఇంటి సంగతి కొంచెం చెప్పాలి. మా తాత చిత్తూరు వైపు నుంచి వందలమందిని గనులకు పిలుచుకొచ్చిన కాంట్రాక్టరు. చర్చిలో ముందు వరుసలో మాకొక బెంచీ ఉండేది. దాని వీపుకు ఇత్తడి రేకు, రేకు మీద మా ఇంటి పేరు. మేము ఆలస్యంగా వెళ్ళినా ఆ బెంచీ మీద ఎవరూ కూర్చునేవారు కాదు. క్రిస్మస్ ముందు బ్యాండువాళ్ళు పాడుకుంటూ మొదట మా గుమ్మంలోకే వచ్చేవారు. షిఫ్టు మారే సైరన్ మోగితే వీధి వీధంతా గడియారాలు సరిచేసుకునేది. ఆ సైరన్ ఇప్పుడు లేదు. ఆ ఇల్లూ మాది కాదు.

మా నాన్న షిఫ్టు ఫోర్‌మన్. ఆయనకొక అలవాటు ఉండేది. గనిలో కొత్త చోటికి వెళ్ళేముందు ఇనప కడ్డీతో పైకప్పు తట్టి వింటారు. రాయి ఖంగుమంటే గట్టిది, డొల్లగా పలికితే ఎప్పుడైనా ఊడిపడుతుంది. అది పనిలో నేర్చుకున్నది. ఆయన మాత్రం ఏ గదిలోకి వెళ్ళాలన్నా, ఇంట్లో వంటగదైనా సరే, ద్వారబంధాన్ని మడిచిన వేళ్ళతో రెండుసార్లు తట్టి, తల ఒక పక్కకు వంచి, ఒక క్షణం ఆగి లోపలికి వెళ్ళేవారు.

పక్కింటి ఆరోగ్యమ్మ పిన్ని ఏడిపించేది. "ఏమప్పా, నీ పెండ్లాం చేసిన ఉప్మాకు ఇల్లు కూలిపోతాదా?"

"ఉప్మాను నమ్మొచ్చునమ్మా, పైకప్పును నమ్మేదెట్లా?" అనేవారు ఆయన.

గనులు మూశారు. మూసిన మూడో ఏడు నాన్నకు మద్రాసు నుంచి ఒక ఉత్తరం వచ్చింది. గనుల్లో పనిచేసి అక్కడ స్థిరపడిన పాత మిత్రుడు రాశాడు. ఒక మ్యూజియంలో రాళ్ళు, ఖనిజాలు పెట్టిన గది ఉంది, వచ్చేవాళ్ళకు బంగారు రాయి గురించి చెప్పడానికి తెలిసిన మనిషి కావాలి, నువ్వు రా అని. నాన్న ఆ వారమంతా పెట్టెలోంచి రాతి ముక్కలు తీసి, తడిపి, వెలుతురుకు పట్టి చూస్తూ ఏవేవో తనలో తాను చెప్పుకున్నారు. ఆయనను అంత హుషారుగా చూసి చాలా కాలమైంది.

పెద్ద కొడుకుగా నేనే అడ్డం పడ్డాను. "మన ఇంటి మనిషి స్టూలు మీద కూర్చుని, దారిన పోయేవాళ్ళకు రాళ్ళు చూపిస్తాడా? తాత పేరు ఏమైపోతుంది?" అన్నాను. రాలేనని ఆయన తరఫున ఇంగ్లీషులో ఉత్తరం నేనే రాసి ముందు పెట్టాను. ఆయన చదవలేదు. కళ్ళజోడు కూడా పెట్టుకోకుండా సంతకం చేశారు.

తర్వాత ఆరేళ్ళు బతికారు. అన్నం పెట్టమని, గుడికెళ్ళొస్తానని తప్ప పెద్దగా మాట్లాడలేదు. మేము చర్చిని గుడి అనే అంటాం. పోయేముందు కూడా నాతో ఏమీ అనలేదు. అదే నాకు మిగిలిపోయింది.

ఆయన పోయిన నాలుగేళ్ళకు నేనూ, నా భార్య సుగుణా మద్రాసు వెళ్ళాం. అక్కడి పాత చర్చీలు చూడాలని ఆమెకు ఎప్పటినుంచో కోరిక. బంగారుపేటలో రైలెక్కాం. మొదటి రోజు కోట లోపలి చర్చి, గోడల నిండా ఎప్పుడో పోయిన దొరల పేర్లు చెక్కిన పాలరాళ్ళు. సాయంత్రం సముద్రం పక్కనున్న తెల్ల చర్చి. రెండో రోజు పొద్దున్నే మెట్ల కొండ. నూటికి పైగా రాతి మెట్లెక్కి పైనున్న చిన్న చర్చిలో మోకరించాం. దిగేసరికి నా కుడి మోకాలు పట్టేసింది. ఆ మాట సుగుణకు కూడా చెప్పలేదు. నిటారుగానే నడిచాను.

భోజనమయ్యాక ఆమె అంది. "మూడు చర్చీలు చూపించినారు. దేవుడు ఇంగ మన మొహాలు మరిచిపోడు. ఆ మ్యూజియం మాత్రం యాడుండాదో మీకు తెలీదా?"

తెలుసు. రెండు రోజులుగా దాన్ని తప్పించుకునే తిరుగుతున్నాను. ఆమెకూ ఆ సంగతి తెలుసు.

మూడు గంటలకు లోపలికి వెళ్ళాం. విగ్రహాలు, నాణేలు చూశాం. పొడుగాటి వరండాలో ఒక స్కూలు ఆడపిల్లలు పాతికమంది దాకా ఎదురొచ్చారు. వాళ్ళు నాణేల గదిలోకి వెళ్తున్నారు. గుమ్మం దగ్గర ప్రతి పిల్లా ఆగింది. ద్వారబంధాన్ని రెండుసార్లు తట్టింది. తల పక్కకు వంచింది. ఒక క్షణం ఆగి లోపలికి వెళ్ళింది.

సుగుణ నా చెయ్యి పట్టుకుంది.

ఆఖరున నిలబడ్డ జడల పిల్లను సుగుణే పిలిచింది. "ఏమ్మా, ఎందుకు తడతా ఉండారు?"

"రాళ్ళ రూములో తాత చెప్పినాడు అవ్వా. తట్టి వినకుండా యా రూములోకీ పోగూడదంట."

మా యాసే. ఏ ఊరని అడిగితే శ్రీనివాసపురమంది. మామిడి తోటల ఊరు, మాకు దగ్గరే. గనుల్లో పనిచేసిన ఇంటివాళ్ళు ఎవరైనా ఉన్నారా అని అడిగాను. లేరంది. ఆ పిల్లకు గనులంటే ఏమిటో కూడా సరిగా తెలియదు.

"ఆ తాత యాడుండాడో చూపిస్తావా?"

ఆ పిల్లా, ఇంకో ఇద్దరూ మా ముందు పరిగెత్తారు. రాళ్ళ గదిలో ఎవరూ లేరు. అద్దాల బీరువాల పక్కన గోడకు చేరేసి ఒక స్టూలు ఉంది. జడల పిల్ల దాన్ని లాక్కొచ్చి నా ముందు వేసింది.

"కూసోండి తాతా. మా పెద్దోడు వస్తాడు, మెట్లెక్కి దిగినాడు, మోకాలు పట్టుకొనింటాది, అడిగితే లేదంటాడు, మీరే స్టూలు ఎయ్యండి అన్నాడు. మీరే గదా?"

నేను కూర్చున్నాను.

"ఎట్లుండాడమ్మా ఆయన?" అంది సుగుణ.

తెల్ల చొక్కా, గొంతు దాకా గుండీలు పెట్టుకున్నాడని ఒకతె. ఎడమ చేతి చిటికెన వేలు వంకరని ఇంకొకతె. నాన్న వేలు గనిలో ట్రాలీ తగిలి వంగిపోయింది. బీరువాలో బంగారు రాయి తలకిందులుగా పెట్టారని విసుక్కున్నాడని మూడో పిల్ల చెప్పి నవ్వింది.

ఒక్క మాట అడగాలనిపించింది. "కోపంగా ఉన్నాడా?"

ఆ పిల్ల వింతగా చూసింది. "కోపమా? ల్యాదు తాతా. మొదులు పెడితే ఆపేదే ల్యాదు. మేడం మూడు తూర్లు పిలిచింది. ఉండమ్మా, ఇంగొక్క రాయి అంటాడు!"

సుగుణ మొహం పక్కకు తిప్పుకుంది.

వాళ్ళ టీచరమ్మను కలిశాను. ఆవిడా ఆయన్ను చూసింది. ఇక్కడి ఉద్యోగి అనుకుని థాంక్స్ కూడా చెప్పిందట. ఆఫీసుకు వెళ్ళి అడిగాను. ఆ గదిలో చెప్పేవాళ్ళెవరూ లేరన్నారు. కాపలాకు ఉన్నది ఒక యువతే, ఆమె అప్పుడే భోజనం ముగించుకుని వచ్చింది. వంకర వేలున్న పెద్దాయన ఎవరూ తమ దగ్గర ఎప్పుడూ పనిచేయలేదన్నారు. నాన్న జీవితంలో ఒక్కసారి కూడా మద్రాసులో అడుగు పెట్టలేదు. కొండ మెట్లెక్కిన సంగతి మా ఇద్దరికీ తప్ప ఎవరికీ తెలియదు. మోకాలి సంగతి సుగుణకూ తెలియదు.

లెక్కల మాస్టారుగా నేను చేయగలిగిన కూడికలన్నీ చేశాను. గనుల నుంచి వచ్చిన ఇంకో ముసలాయన అయ్యుండొచ్చు. పిల్లలు కల్పించి చెప్పుండొచ్చు. ఒకదానికి సరిపోయిన జవాబు ఇంకోదానికి సరిపోలేదు.

సుగుణ వెళ్దామంది. నేను మళ్ళీ రాళ్ళ గదిలోకి వెళ్ళాను. భార్యాభర్తలు, ఒక ముసలావిడ, మా పక్క నంగలి వైపు రైతులట, బీరువా ముందు నిలబడి చీటీ చదవలేక అవస్థపడుతున్నారు. నా తెల్ల చొక్కా చూసి ఆ ముసలావిడ అడిగింది. "ఏమప్పా, ఈడ చెప్పేది నువ్వేనా? దీంట్లో బంగారం యాడుండాది? ఏమీ కనపడదే!"

మా ఇంట్లో ఎవరినీ ఎవరూ అలా అడిగి ఉండరు. వీపు నిటారుగా పెట్టుకుని అటు తిరిగి వెళ్ళిపోవడం నాకు బాగా తెలుసు.

"నేనేనమ్మా," అన్నాను. "కంటికి కనపడదు. ఈ నల్ల చారల్లో దాక్కొని ఉంటాది. ఇట్లా రాండి, వెలుతురులో చూపిస్తా."

మూసేవేళయిందని ఆ కాపలా అమ్మాయి వచ్చి చెప్పేదాకా, వచ్చిన ప్రతివాళ్ళకూ చెబుతూనే ఉన్నాను. నాకు తెలియని విషయాలు కూడా కొన్ని నా నోటి నుంచి వచ్చాయి. అవి ఎక్కడ నేర్చుకున్నానో, అసలు నేర్చుకున్నానో లేదో, ఈ రోజుకీ చెప్పలేను.