లోపలాయన

డెబ్బైలలో బెజవాడ కాలేజీలో మాకు ఎకనామిక్స్ చెప్పిన మాస్టారు, రెండొందల ఏళ్ళనాటి స్కాట్లండు తత్వవేత్త ఒకాయన్ని రోజూ తలుచుకునేవారు. "ఎవరూ మన మీద ప్రేమతో సరుకు అమ్మరండీ, వాళ్ళ లాభం కోసం అమ్ముతారు. అయినా లోపల ఒకాయన కూర్చుని మనల్ని చూస్తుంటాడని కూడా ఆయనే అన్నాడు" అంటూ సుద్దముక్కతో గుండె మీద తట్టుకునేవారు. ఆయన మంగళగిరి నీలం చొక్కా మీద ఆ తెల్లమచ్చ సాయంత్రం దాకా ఉండేది.

లాభం సంగతి నాకు ఇట్టే అర్థమైంది. ఆ లోపలాయనే అంతుపట్టలేదు.

ఒక ఆదివారం పొద్దున భవానీపురంలో మాస్టారు చేపల మొప్పలెత్తి చూస్తూ, అమ్మే ఆవిడతో బేరమాడుతూ కనిపించారు. పాఠంలో చెప్పినట్టే గట్టిగా ఆడి గెలిచారు. ఆవిడ చేపలు తూచి, అడక్కుండానే గుప్పెడు రొయ్యలు కొసరు వేసింది.

"ఇంత తగ్గించాక మళ్ళీ కొసరెందుకమ్మా?" అన్నారాయన.

"బేరం మీతోనండీ. కొసరెయ్యకపోతే ఇంటికెళ్ళాక నాకే బాగోదు."

మాస్టారి చెయ్యి దానంతటదే గుండె మీదికి వెళ్ళింది. నీలం చొక్కా మీద ఈసారి చేపపొలుసు అంటుకుని మెరిసింది. పక్కనే నిలబడ్డ నా వైపు తిరిగి, "కనిపించాడా ఓయ్?" అన్నారు.