మరకల గదిలో బెంజీన్ బిళ్లలు

నేను రిటైర్ కావడానికి రెండేళ్ల ముందు, ఎండలు ముదురుతున్న మార్చి నెలలో, నన్ను జగిత్యాల క్యాంపు ఆఫీసుకు వేశారు. హోదా సీనియర్ ఇండస్ట్రియల్ హైజీనిస్ట్. ఈ పేరు విన్నవాళ్లలో సగం మంది నన్ను ఫ్యాక్టరీల్లో బాత్రూములు తనిఖీ చేసే అధికారి అనుకునేవారు. మిగతా సగం మంది మొహమాటానికి ఏమీ అడిగేవారు కాదు. నిజానికి మా పని, పనిచోట గాలిలో ఏ రసాయనం ఎంత ఉందో కొలిచి, అది మనిషికి హాని చేసేంత ఉంటే తగ్గించమని చెప్పడం.

చేరిన వారానికే ఒక ఫైలు వచ్చింది. సిరిసిల్ల ఆసుపత్రి డాక్టరు ఒకాయన రాసిన ఉత్తరం అందులో ఉంది. తంగళ్ళపల్లి వైపు ఉన్న ఒక మరమగ్గాల మిల్లులో పనిచేసే సుగుణ అనే నలభై ఏళ్ల ఆవిడకు రక్తకణాలు బాగా తగ్గాయనీ, వేరే కారణమేదీ కనబడలేదనీ, ఆమె పనిచేసే చోట బెంజీన్ ఉందేమో చూడమనీ రాశారు.

బెంజీన్ అంటే పెట్రోలులోనూ, కొన్ని నాసిరకం థిన్నర్లలోనూ ఉండే ద్రవం. ఇట్టే ఆవిరైపోతుంది. ఏళ్ల తరబడి పీలిస్తే ఎముకల్లో రక్తం తయారయ్యే చోటును దెబ్బతీస్తుంది. దగ్గు రాదు, దద్దుర్లు రావు. మనిషికి నీరసం తప్ప వేరే కబురు అందదు.

మిల్లుకు వెళ్లాను. మగ్గాల నుంచి దిగిన పాలిస్టర్ గుడ్డ మీద నూనె మరకలు పడతాయి. వాటిని తీయడానికి వెనక ఒక చిన్న గది ఉంది. దాన్ని మరకల గది అంటారు. పదకొండు మంది ఆడవాళ్లు బల్లల ముందు కూర్చుని, స్టీలు గిన్నెల్లో పోసుకున్న థిన్నర్‌లో గుడ్డపీలికలు ముంచి మరకలు రుద్దుతున్నారు. కిటికీ ఒకటే. దుమ్ము పడి గుడ్డ పాడవుతుందని దానికి అట్టముక్క కొట్టారు. థిన్నర్ డబ్బా మీద పేరు లేదు, కంపెనీ లేదు. ముక్కులకు కొంగులు కట్టుకున్నారు. ఆవిరికి కొంగు అడ్డమా? నాకు పావుగంటకే తల తిరిగి, బయటికొచ్చి చెంబెడు నీళ్లు తాగాను. ఈ సంగతి నా ఫారంలో రాయలేదు. దానికి కాలమ్ లేదు.

సుగుణతో మాట్లాడాను. సన్నగా, పెదవులు తెల్లబడి ఉంది. మెట్లెక్కితే ఆయాసం, పళ్లు తోముకుంటే చిగుళ్ల వెంట రక్తం. “పొద్దూకేసరికి తలకాయ ఉయ్యాల లెక్క ఊగుతది మేడమ్. ఇంటికి వొయ్యి అన్నం ముందట వెట్టుకుంటె అన్నం గూడ గదే వాసన,” అంది. నూలు చుట్టే షెడ్డులోకి మార్చమని రెండుసార్లు అడిగిందట. యజమాని అంజయ్య సేటు మార్చలేదు. ఆయన వాదన ఆయనకుంది. ఒకరిని మారిస్తే పదకొండు మందికీ తలనొప్పే వస్తుందని. చివరికి నా ముందు ఒక కాగితం మీద సంతకం చేశాడు. గాలిలో బెంజీన్ ఉందని సర్కారు పరీక్షలో తేలితే సుగుణను మారుస్తాడు, థిన్నర్ మానేస్తాడు. తేలకపోతే ఆమె అదే బల్ల ముందు కూర్చోవాలి. అంటే ఆమె రక్తం సంగతి మొత్తం నా పరీక్ష మీద పడింది.

ఈ పరీక్షకు బిళ్లలుంటాయి. అగ్గిపెట్టెలో సగం మందం ఉండే ప్లాస్టిక్ చట్రం, ముందు పలుచని తెల్లపొర, వెనక బొగ్గుపలక. కార్మికుడి మెడ దగ్గర, ముక్కుకు జానెడు దూరంలో తగిలిస్తే, గాలిలోని ఆవిరి తనంతట తానే పొరలోంచి వెళ్లి బొగ్గుకు పట్టుకుంటుంది. షిఫ్టు అయ్యాక గాలి చొరకుండా మూత బిగించి ల్యాబుకు పంపాలి. వెండిరంగు కవర్లలో వస్తాయి. పని మొదలయ్యే నిమిషం దాకా కవరు విప్పకూడదు. ఒక బిళ్లను అసలు విప్పకుండానే తిరిగి పంపాలి. దాన్ని బ్లాంక్ అంటాం. మిగతావాటి అంకెల్ని దాంతో పోల్చి చూస్తారు.

నియమం ప్రకారం షిఫ్టు మొదటి నుంచి చివరి దాకా నేను అక్కడే ఉండాలి. కానీ పరీక్ష పెట్టుకున్న సోమవారమే జగిత్యాలలో వీడియో కాన్ఫరెన్స్ పెట్టారు. విషయం: అధికారులు క్షేత్రస్థాయిలో తగినంత సమయం గడపడం లేదు. హాజరు తప్పనిసరి.

అందుకని శనివారం నాడే వెళ్లి పన్నెండు బిళ్లలూ, మూతల పొట్లమూ సూపర్‌వైజర్ రాజేశంకు అప్పగించాను. కోరుట్ల వైపు ఇబ్రహీంపట్నం మనిషి, గల్ఫ్‌లో ఒక ఆయిల్ కంపెనీ గేటు దగ్గర పదిహేనేళ్లు చేసి వచ్చాడు. మిల్లు మొత్తంలో ఇంత క్రమశిక్షణ గల మనిషి లేడు. పెన్ను కూడా జేబులో క్యాప్ పైకే ఉంటుంది. సూచనల కాగితంలోని పదకొండు అంశాలూ చదివి తెలుగులో చెప్పాను. అన్నీ విని ఒకే ఒక్క ప్రశ్న వేశాడు. “ఖరాబ్ కావద్దు గద మేడమ్?”

“అస్సలు కావద్దు,” అన్నాను.

మంగళవారం బస్సు పార్సిల్‌లో డబ్బా జగిత్యాలకు వచ్చింది. సీలు మీద రాజేశం సంతకం, సమయం, తేదీ. డబ్బా విప్పకుండానే ల్యాబుకు పంపాను. మూడు వారాలకు రిపోర్టు వచ్చింది. పదకొండు బిళ్లల్లోనూ బెంజీన్ లేదు. బ్లాంక్‌లో ఎంత ఉందో వాటిలోనూ అంతే ఉంది, అంటే సున్నా. కింద ఒక రిమార్కు: మూతలకు బదులు లామినేషన్‌తో సీలు చేశారు, సీలింగ్ అత్యుత్తమంగా ఉంది, ఇతర జిల్లాలు దీన్ని అనుసరించవచ్చు.

నిజం చెప్పాలంటే ఆ రిమార్కు చూసి పొంగిపోయాను. షిఫ్టు అయ్యాక మూతలు చాలవని రాజేశం లామినేషన్ చేయించాడు కాబోలు అనుకున్నాను. తల తిరిగిన గదిలో సున్నా ఎలా వచ్చిందని నన్ను నేను అడగలేదు. వెంటిలేషన్ పరవాలేదేమో అనుకున్నాను. అట్టముక్క కొట్టిన కిటికీని కళ్లారా చూసి వచ్చి కూడా!

ఇక అక్కడి నుంచి కాగితాలకు కాళ్లొచ్చాయి. మా పై అధికారి నాకు ప్రశంసాపత్రం పంపారు. బిళ్లల సీలింగుకు ప్రతి క్యాంపు ఆఫీసుకూ ఒక లామినేషన్ మిషన్ కొనాలని ప్రతిపాదన కదిలింది. అంజయ్య సేటు రిపోర్టును లామినేషన్ చేయించి మరకల గది గోడకు తగిలించాడు. అంతటితో ఆగక ‘బెంజీన్ రహిత మిల్లు’ అని సభ పెట్టాడు. పెద్ద కొనుగోలుదారు ఎవరో వస్తున్నారట. మా పై అధికారి ముఖ్య అతిథి, నేను ఆత్మీయ అతిథి. అతిథులకు పూలగుత్తులు ఇచ్చే పని సుగుణకు ఇచ్చారు. బెంజీన్ లేదన్నాక ఆవిడ ఆరోగ్యంగా ఉన్నట్టే లెక్క కదా.

సభ పగలు పదకొండుకు, మిల్లు ఆవరణలో షామియానా కింద. వేదిక వెనక పెద్ద ఫ్లెక్సీ. పరీక్ష రోజు రాజేశం తన ఫోన్‌తో తీసిన ఫోటో దాని మీద వేశారు. పదకొండు మంది మరకలు రుద్దుతున్నారు, అందరి మెడల్లో బిళ్లలు. మా పై అధికారి ప్రసంగిస్తుండగా నేను ఊసుపోక ఫ్లెక్సీ వైపు చూశాను. ప్రతి బిళ్ల మీదా ఫ్లాష్ వెలుగు పడి తళతళ మెరుస్తోంది. తెల్లపొర మెరవదు. అది బ్లాటింగ్ కాగితంలా ఉంటుంది. మెరిసేది ప్లాస్టిక్.

వేదిక దిగి, పక్కన నిలబడ్డ రాజేశంను అడిగాను. లామినేషన్ ఎప్పుడు చేయించావని.

“ఆదివారమే మేడమ్, తొడగకముందే. ఇంటికి వోయినప్పుడు కోరుట్లల మా బామ్మర్ది జిరాక్స్ దుకాణంల చేయించిన. మిషిన్ల పట్టలే, కవరు ఇప్పిన నిమిషంలనే ఇస్త్రీపెట్టెతోటి ఒత్తిండు, గాలి గూడ తాకలే. గల్ఫ్‌ల బ్యాడ్జి మీద గీత వడ్డా గేటుకాడ ఆపుతరు మేడమ్. ఖరాబ్ కావద్దంటిరి గద?”

బ్లాంక్ సంగతి అడిగాను. కవరు విప్పవద్దన్నాను కాబట్టి దాన్ని కవరుతో సహా లామినేషన్ చేయించాడట. మూతలు లెక్కపెట్టి ఒక్కటి కూడా పోకుండా తిరిగి పంపాడట. ఆ ముఖంలో ఎంత సంతృప్తి ఉందంటే నాకు కోపం కూడా రాలేదు. వాళ్ల ఊళ్లలో గల్ఫ్ వెళ్లొచ్చినవాళ్లు పాస్‌పోర్టు జిరాక్సు మొదలు పిల్లల మార్కుల మెమో దాకా విలువైనదేదైనా లామినేషన్ చేయిస్తారు. బిళ్ల విలువైనదని చెప్పింది నేనే. అది గాలి పీల్చాలని మాత్రం చెప్పలేదు. పదకొండు అంశాల్లో ఎక్కడా లేదు కూడా.

వేదికెక్కి మా పై అధికారి చెవిలో విషయం చెప్పాను. ఆయన మైకు మీద చెయ్యి పెట్టి, దీన్ని సరైన మార్గంలో రాతపూర్వకంగా పంపండి, ఇప్పుడు కాదు అన్నారు. అంజయ్య సేటు భోజనాలయ్యాక చెబితే బాగుంటుందన్నాడు, వచ్చినవాళ్లకు మటన్ వండించాడు మరి. అప్పుడే సుగుణ పూలగుత్తితో నా ముందుకు వచ్చింది. ఆరు మెట్లెక్కి రొప్పుతోంది. ఆ గుత్తి అందుకోవడానికి నాకు సిగ్గేసింది, నిజంగా సిగ్గేసింది. గుత్తిని కుర్చీలో పెట్టి మైకు తీసుకున్నాను.

బిళ్లలు ప్లాస్టిక్‌లో ఉన్నాయి కాబట్టి ఈ రిపోర్టు గదిలోని గాలిది కాదని, ప్లాస్టిక్ లోపలి గాలిదని చెప్పాను. తప్పు నాదని, పరీక్ష చెల్లదని చెప్పాను. అప్పుడు సుగుణ నా పక్కనే నిలబడి, మైకు అవసరం లేకుండానే అంది. “బిళ్లలకు లామినేషన్ చేయించిండు గని మేడమ్, మా ముక్కులకు చేయించకపాయె.”

మొదట నవ్వింది ఆడవాళ్లే. ఆ తర్వాత ఎవరూ ఆపుకోలేకపోయారు, రాజేశం తప్ప.

మర్నాడు పొద్దున షిఫ్టు మొదలయ్యే లోపే కొత్త బిళ్లలతో వెళ్లాను. సుగుణను ఆ గదిలోకి రానివ్వకూడదని రాతపూర్వకంగా ఇచ్చాను. ఆమె బల్ల ముందు నేనే కూర్చున్నాను. మిగతా పదిమందిని ఇంకొక్క రోజు అదే గాలిలో కూర్చోబెట్టడం నాకు ఇష్టం లేదు. కానీ అంకె లేకుండా సేటు కదలడు. బిళ్ల తగిలించుకుని ఊరికే కూర్చుంటే పరీక్ష సరిగా రాదని నేనూ మరకలు రుద్దాను. మధ్యాహ్నం చెకింగ్ అతను వచ్చి నేను రుద్దిన గుడ్డలన్నీ వెనక్కి ఇచ్చాడు. మరక పోకపోగా మూడింతలైందట. సాయంత్రానికి నాకు వాంతి వచ్చేలా ఉంది. మూతలు నా చేత్తో నేనే బిగించాను. ప్రతి మూతా బిగించే ముందు రాజేశం పక్కనుండి చూసి, గడియారం చూసి, పుస్తకంలో రాసుకున్నాడు. అంత శ్రద్ధగా రాసేవాణ్ణి నా సర్వీసులో ఇంకొకర్ని చూడలేదు.

ఈసారి పదకొండు బిళ్లలూ పరిమితిని దాటాయి. నాదీ దాటింది. సేటు సంతకానికి కట్టుబడ్డాడు, ఆ మాట చెప్పాలి. పేరులేని థిన్నర్ పోయి బెంజీన్ లేదని కాగితం ఉన్న ద్రవం వచ్చింది. గిన్నెలకు బదులు మూతల డబ్బాలు వచ్చాయి. అట్టముక్క పీకి ఆ కిటికీలో గాలిని బయటికి లాగే ఫ్యాన్ బిగించారు. సుగుణ నూలు చుట్టే షెడ్డుకు మారింది. మిగతా పదిమందికీ రక్తపరీక్షలు చేయించాం. మరో ఇద్దరికి కణాలు తక్కువగా తేలాయి.

పాత రిపోర్టును రద్దు చేసి చింపేయాలని ఆర్డరు వచ్చింది. గోడ మీదిది ఎంత లాగినా చిరగలేదు. లామినేషన్ అంత గట్టిగా ఉంది. సుగుణ నడుములో దోపుకున్న దారాల కత్తెర తీసి దాన్ని అడ్డంగా, నిలువుగా కత్తిరించింది. ముక్కలు లెక్కపెట్టి రాజేశం కవర్లో వేశాడు. ఆరు నెలలకు ఆమె కణాలు పెరిగాయి. అందరికీ ఉండవలసినన్ని లేవు. డాక్టరు, ఇంకా చూద్దాం అన్నారు.

నా ప్రశంసాపత్రం మాత్రం సర్వీసు రికార్డులో అలాగే ఉంది. శిక్షను రద్దు చేయడానికి పద్ధతి ఉంది గానీ పొగడ్తను రద్దు చేయడానికి లేదని జవాబిచ్చారు. లామినేషన్ మిషన్ నేను రిటైరయ్యే వారంలో వచ్చింది. దాంతో చేసిన మొదటి పని కొత్త సూచనల కాగితాన్ని లామినేట్ చేయడం. అందులో మొదటి అంశం: బిళ్లను లామినేట్ చేయరాదు.

ఈ ఉదంతం నుంచి నేను నేర్చుకున్నది ఇది. ఎక్కువ అంకె వస్తే ఎందుకు వచ్చిందని అందరం ఆరా తీస్తాం, సున్నా వస్తే సంతకం పెట్టేస్తాం. సున్నాను కూడా అంతే ఆరా తీయాలి. రిటైరయ్యే ముందు మా తనిఖీ ఫారంలో ఒక కాలమ్ చేర్పించాను, ‘అక్కడ పనిచేసేవాళ్లు ఏమంటున్నారు’ అని. మొదటి రోజే ఆ కాలమ్ ఉండి ఉంటే, అన్నం ముందు పెట్టుకుంటే అన్నం కూడా అదే వాసన అన్న సుగుణ మాట అందులో రాసి ఉండేదాన్ని. సున్నా వచ్చిననాడు ఆ మాటనూ సున్నానూ ఒకే కాగితం మీద చదవక తప్పేది కాదు.