ఎముకకు సెలవు

పెనం మీద రాగులు వేగే వాసన తగిలితే చాలు, నాకు ఎస్తేరమ్మ నవ్వు వినిపిస్తుంది. మిలిటరీ ఆసుపత్రిలో నర్సుగా చేసి, ఆళ్లగడ్డలో మా పక్కింటికి వచ్చి చేరిన మనిషి. నేను చదివింది మూడో తరగతి. మిగతా చదువు అరవై దాటాక ఆమె దగ్గరే.

నా మనవరాలు సునీత సైన్యంలో చేరాలని తెల్లవారకముందే నంద్యాల దారిలో తారు మీద పరుగెత్తేది. ఎంపికకు రెండు నెలలుంది. తేలిగ్గా ఉండాలని పొద్దున ఏమీ తినేది కాదు. ఖర్చు కలిసొచ్చిందని నేనూ ఊరుకున్నాను. మా బర్రె పాలన్నీ డెయిరీకే పోసేదాన్ని. ఒకనాడు పిల్ల కుంటుతూ వచ్చింది. నొప్పి పుడితేనే కాలు గట్టిపడుతుందని వేడి ఆముదం రుద్ది, రేపు ఇంకా ఎక్కువ ఉరకమన్నాను.

అది విన్న ఎస్తేరమ్మ గోడ దాటినంత పని చేసింది. సునీతను కూర్చోబెట్టి, మోకాలి కింద ఎముక వెంట బొటనవేలితో నొక్కుతూ పోయింది. ఒక్కచోట పిల్ల కెవ్వుమంది.

"నెలనెలా ముట్టు వస్తాందా పాపా?"

"మూడు నెల్లాయ, రాలే."

"ఉరికేదానికి అడ్డం లేదు గదా అనుకుంటి," అన్నాను నేను.

"నీ పొదుపు మండ! తిండి చాలక ఒళ్లే ఆపేసుకునింది. ఇంగ ఎముకకు బలం యాడ్నించి వస్తాది అక్కా? బర్రె నీది, పాలు ఊరోళ్లవా?"

నంద్యాలలో ఎముకల డాక్టరు స్కాన్ చూసి, సన్నని చీలిక మొదలైందన్నాడు. పరుగు మానాలి. సునీత ఒకటే ఏడుపు. "దాచిపెట్టుకొని ఉరికి, ఎముక రెండు ముక్కలు చేసుకున్నోళ్లను చూసినా పాపా," అంది ఎస్తేరమ్మ. "సెలవు సిపాయికే కాదు, ఎముకకీ ఇయ్యల్ల."

ఆ ఏటి ఎంపిక చేజారింది. మరుసటి ఏటికి వయసు దాటిపోదు గదా అని ముగ్గురం వేళ్ల మీద లెక్కపెట్టాం. దాటలేదు! ఇక డెయిరీ క్యాను సగమే నిండేది. రాగిజావ, గుడ్డు, పొద్దుటి ఎండ. నొప్పి పూర్తిగా పోయాక ముందు నడక, తర్వాత కాలువ గట్టు మట్టి మీద మెల్లగా పరుగు. గట్టు మీద మేమిద్దరం కూర్చొని, "జోరుగా వద్దు!" అని అరుస్తుంటే దారిన పోయేవాళ్లు నవ్వేవాళ్లు.

ఇప్పుడు సునీత శిక్షణలో ఉంది. మొన్న ఫోన్ చేసింది. పక్క మంచం పిల్ల కాలినొప్పి దాచుకుంటుంటే తనే డాక్టరు దగ్గరికి లాక్కుపోయిందట. ఎవరు నేర్పారని డాక్టరు అడిగితే, "మా అవ్వ" అందట.

నాకు సిగ్గేసింది. కూతురి దగ్గరికి ప్యాపిలి వెళ్లిపోయిన ఎస్తేరమ్మకు ఫోన్ చేసి, నీకు రావాల్సిన పేరు నాకొచ్చిందని చెప్పాను.

"ఉండనీలే అక్కా," అంది నవ్వుతూ. "ఇప్పుడు నీకూ తెలుసు గదా."