తీసేసినా పోని గడ్డ

ముమ్మిడివరంలో మా వీధి పిల్లలందరి తొలి స్నానాలూ వెంకటదుర్గ కాళ్ల మీదే జరిగేవి. పీట మీద కూర్చుని, కాళ్లు చాపి, పసివాణ్ణి బోర్లా వేసుకుని, కొబ్బరినూనె పట్టించి గోరువెచ్చటి నీళ్లు పోసేది. ఎంత గుక్కపట్టిన పిల్లయినా ఆ చేతుల్లో పడితే ఊరుకునేది. అదే ఆమె బతుకుతెరువు. కడుపు పండని మనిషికి అంతకు మించిన సంతోషం కూడా లేదు.

నలభై దాటాక ఆమెకి రొమ్ములో గోలీకాయంత గడ్డ తగిలింది. హడలిపోయి, బడిలో టీచర్ని కదా అని నాకు చెబితే అమలాపురం తీసుకెళ్లాను. డాక్టరమ్మ స్కానింగు చేసి, ఇది నీటితిత్తి, ఈ వయసులో చాలామందికి వస్తుంది, క్యాన్సర్ కాదు అంది. నొప్పిగా ఉందంటే సన్నటి సూదితో ఆ నీరు లాగేసింది. గడ్డ అక్కడికక్కడే అణిగిపోయింది.

"మళ్లీ ఏ గడ్డ తగిలినా, చర్మం లోపలికి లాగినట్టున్నా, చనుమొన నుంచి రక్తం వచ్చినా వెంటనే రావాలి. ప్రతిసారీ నీటితిత్తే అనుకోకూడదు" అని డాక్టరమ్మ మరీ మరీ చెప్పింది. తిరిగొచ్చేటప్పుడు ఆటోలో వెంకటదుర్గ నవ్వుతూనే ఉంది.

ఆ సంబరంలోనే గుమ్మం గుమ్మానికీ ఆగి చెప్పుకుంది. సూది మాట వినగానే వీధి చివరి మేడ ఇంటావిడ మహాలక్ష్మమ్మగారు బుగ్గలు నొక్కుకుంది.

"సూది పెట్టేరా? గెడ్డని సూదితో కదిపితే ఒళ్లంతా పాకిపోద్దంటమ్మా. డాక్టర్లు పైకి చెప్పరు."

అంతే. పసిపిల్లలకి అంటుకుంటుందేమోనని మర్నాటి నుంచి ఒక్క ఇంటి నుంచీ కబురు రాలేదు. తన మనవరాలికి వేరే మనిషిని పెట్టుకుని, "నీకు రెస్టు కావాలి కదే" అని జాలి కూడా చూపించింది ఆ మేడ ఇంటి మహాతల్లి. నాకు ఒళ్లు మండిపోయింది. ఆ గడ్డ ఇప్పుడు లేదు, అది అంటుకునేదీ కాదు అని ఇల్లిల్లూ తిరిగి చెప్పాను. "ఆయ్, అలాగేనండి టీచరుగారూ" అన్నారు మర్యాదగా. పిల్లని మాత్రం ఎవరూ ఇవ్వలేదు. వెంకటదుర్గ రొయ్యల షెడ్డులో తలలు తీసే పనికి కుదిరింది.

చాలాకాలానికి, మొన్న శ్రావణంలో, ఎదురింటి లక్ష్మీతులసి తన కొడుకుని ఎత్తుకొచ్చింది. "దుర్గత్తా, వీడికి నువ్వే పొయ్యాలి" అంది. అది చూసి ఇంకో ఇల్లు పిలిచింది. ఈ వీధికి బుద్ధొచ్చిందని నేను పొంగిపోయాను.

కిందటి వారం లక్ష్మీతులసి కొడుక్కి నీళ్లు పోసి లేస్తూ వెంకటదుర్గ చంక దగ్గర చెయ్యి పెట్టుకుంది. నేను పక్కకి తీసుకెళ్లి నిలదీస్తే చెప్పింది. మళ్లీ గడ్డ తగిలిందట. ఈసారి గట్టిగా ఉందట, వేలితో నొక్కినా కదలటం లేదట.

"రేపే అమలాపురం వెళ్దాం."

"రానండి."

"పిచ్చా నీకు? డాక్టరమ్మ ఏం చెప్పిందో మర్చిపోయావా?"

"మర్చిపోలేదండి. ఆటో ఎక్కితే వీధంతా తెలిసిపోద్ది. గెడ్డ లేదని మీరు ఇల్లిల్లూ తిరిగి చెప్పేరు, ఒక్కళ్లూ నమ్మలేదు. ఉందంటే మాత్రం ఇట్టే నమ్మేస్తారండి."

కేకలేశాను, బతిమాలాను. తడి కాళ్లు కొంగుతో తుడుచుకుని, రెండో ఇంట్లో పిల్ల లేచే వేళైందంటూ వెళ్లిపోయింది.